జాబితాలో ఏడో కారణం

హైదరాబాదులో డిప్లొమా చదివి, ఒక మిల్లులో మిషన్ల మరమ్మతు పనిలో చేరాను. మిషను ఆగితే అందుకు కారణాలన్నీ కాగితం మీద వరుసగా రాసుకొని, ఒక్కొక్కటే కొట్టేస్తూ పోవడం మాకు నేర్పిన పద్ధతి. మిల్లు బయట కూడా అది పనిచేస్తుందని నా నమ్మకం. పెళ్లిచూపులకు సైతం జాబితా పట్టుకుపోయానని మా అక్క ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

రెండేళ్ల కిందట, 1946లో, పోచంపల్లిలో ఉండే అక్క కూతురికి జబ్బు చేసింది. పిల్లకు ఐదేళ్లు. పాలిపోయింది. జ్వరం తగ్గేది కాదు. దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం. హైదరాబాదు దవాఖానలో రక్తపరీక్ష చేసి లుకేమియా అన్నారు. రక్తంలో తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోయే జబ్బట. పదిహేను రోజుల తర్వాత మళ్లీ తీసుకురమ్మన్నారు. ఎందుకు వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. కారణం లేని మరమ్మతు నాకు తెలియదు. నోటుబుక్కు తీసుకొని పోచంపల్లి వెళ్లాను.

కడుపుతో ఉన్నప్పుడు కోడలు గ్రహణం పూట నూలు పని ముట్టుకుందని అక్క అత్తగారు చెప్పింది. పక్కింటి ముసలాయన బావినీళ్లన్నాడు. బావ తమ వాకిలి దిక్కు మంచిది కాదన్నాడు. ఆయన పుట్టి పెరిగిందీ ఆ వాకిట్లోనే. అన్నీ రాశాను. ఏడోది మాత్రం నా సొంతం: “రంగు. తల్లి రంగు చేతులతోనే అన్నం తినిపిస్తుంది.” ఆ ఇంట్లో నూలును రంగులో ముంచేది అక్కే. ఎంత కడిగినా గోళ్ల చుట్టూ ఎరుపు పోదు.

పద్నాలుగు కారణాలు పూర్తికాగానే అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివాను.

“నువ్వు తెచ్చిన పట్నం బిస్కట్లు గిట్ల రాస్కోలేదేంది పిల్లగా?” అంది అత్తగారు. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

ఆ పూట నుంచి అక్క బిడ్డను ముట్టుకోలేదు. అత్తగారు కలిపిన ముద్దను పిల్ల నోట్లోకి పోనివ్వలేదు. నాలుగు రోజుల్లోనే ఇంకా చిక్కిపోయింది. తినిపించమని నేను అక్కను బతిమాలాను.

“నువ్వే రాసినవు గద తమ్మీ,” అంది. “చదువుకున్నోనివి. తెల్వకుండ రాస్తవా?”

తెలియకుండానే రాశాను. నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకున్నాను.

గడువు రోజున ఎడ్లబండి మీద బీబీనగర్ చేరి రైలెక్కాం. పిల్ల బావ ఒళ్లో ఉంది. అక్క ఎదురు బల్ల మీద చేతులు కొంగులో దాచుకొని కూర్చుంది. దవాఖానలో పెద్ద డాక్టరు ముందు నా జాబితా పెట్టాను. ఆయన అద్దాలు సర్దుకొని మొత్తం చదివాడు.

“వాహ్, అక్షరాలు మంచిగున్నయి. మీ ఊర్ల రంగులేసే ఇండ్లెన్ని?”

“చాలా ఉన్నాయండీ.”

“ఆ ఇండ్లల్ల పిల్లలకు చెంచాలతోని తినిపిస్తరా?”

“లేదండీ. చేతులతోనే.”

“వాళ్లల్ల ఎంతమందికి గీ జబ్బొచ్చింది?”

“ఈ పిల్లకొక్కదానికే.”

“మరి ఏడో నంబరు ఏ లెక్కన రాసినవ్, ఇంజనీర్ సాబ్?”

ఆయన అక్క వైపు తిరిగాడు.

“ఎక్స్‌రే మిషన్ల కాడ ఏండ్లకేండ్లు పనిచేసినోళ్లల్ల కొందరికి గీ జబ్బు వచ్చిందమ్మా. పిల్లలకెందుకొస్తదో మాకింక తెల్వది. నీ చేతులతోని వచ్చిందనేటందుకు మాత్రం ఒక్క రుజువు లేదు. నయం చేసే మందు గూడ లేదు బిడ్డా, నీకు అబద్ధం చెప్ప. నెత్తురెక్కిస్తే కొన్ని దినాలు జర తాకతు వస్తది. తినిపియ్యి. నువ్వే తినిపియ్యి.”

అక్క వరండాలోకి వెళ్లి, నల్లా కింద చేతులు మూడుసార్లు కడుక్కొని, గిన్నె మూత తీసి పెరుగన్నం కలిపింది.

“నీ గోళ్లు ఇంక ఎర్రగనే ఉన్నయమ్మా,” అంది పిల్ల.

“అయితే తింటవా, తినవా?”

“తింట. మామకు పెట్టకు.”

పిల్ల ఆ చలికాలం దాటలేదు. అన్నాళ్లూ అక్క చేతి ముద్దే తిన్నది. నేను పెట్టబోతే మాత్రం పెదాలు బిగించి, అక్క వైపు చూసి నవ్వేది.