హనుమప్ప తేరుకు తవ్విన గుంత

ఊరంతా కలిసి కట్టుకున్న తేరును నడివీధిలో ఇరికించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ రోజు మా ఊళ్ళో నన్ను తిట్టనివాడు ఒక్క మా ఊరి దేవుడు హనుమప్పే. ఆ ఎండలో ఆయనకూ నోరు లేచి ఉంటే తిట్టేవాడే.

కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటు కొత్తగా పొగ వదులుతున్న కాలమది. రాయచూరు తాలూకాలో మా ఊరి మిద్దెలెక్కితే ఆ పొగగొట్టాలు కనిపించేవి. పొగ మాకు, కరెంటు బెంగళూరుకు. దీపం కింద చీకటి అంటారే, అచ్చంగా ఆ చీకట్లోనే ఉండేవాళ్ళం. నేను ఆ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర నట్లు, బోల్టులు అందించే పనికి కుదిరాను. చేతికిచ్చింది నట్లే అయినా నెత్తిన పసుపు హెల్మెట్ పెట్టారు. దాంతో కళ్ళు కూడా నెత్తికెక్కాయి. కూరగాయల సంతకూ అది పెట్టుకునే పోయేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు "ఇంజినీరు సాబు" అంటే కాదని ఒక్కరికీ చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?

ఆ ఏడే హనుమప్పకు కొత్త తేరు కట్టాలని పెద్దలు తీర్మానించారు. పాతది చెదలు పట్టి నేను పుట్టకముందే మూలబడింది. పెత్తనమంతా మా నర్సింగ మామది. మా అమ్మకు అన్న, బజార్లో బట్టల దుకాణం. ఆయన కూతురు సావిత్రిని చూడటానికే నేను ఆ దుకాణంలో అక్కర్లేని తువ్వాళ్ళు కొనేవాణ్ణి.

"ఒరే రాఘూ, పాత తేరు దినాలల్ల వీధిల తీగలు లేకుండె. ఇప్పుడు కరెంటు తీగ అడ్డం ఉంది. ఎంత ఎత్తు కట్టాల్నో జర చూసి చెప్పు" అన్నాడు మామ.

"ఫికర్ చేయకు మామా. గిది నాకు ఎడమచేతి పని."

"తేరు సల్లగ పాదగట్ట దాకా పోయి గుడికి రానీ. సావిత్రి ముచ్చట అప్పుడు చెప్త."

పాదగట్ట అంటే వీధి చివర తేరు తిరిగే అరుగు. మామ మాట విన్నాక నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

కరెంటు పోయిన ఒక పొద్దున (అలాంటి పొద్దులకు మాకేం కొదవ) వెదురుగడతో తీగ ఎత్తు కొలిచాను. దేవదుర్గ నుంచి వచ్చిన వడ్రంగి మౌనప్పకు ఆ గడ చూపించి, "తీగకు జానెడు కింద ఆగాలె. ఇంక తగ్గితే మన దేవునికి తక్కువ" అన్నాను. అతను అచ్చం అంతే కట్టాడు. చెక్కిన చిలకలు, ఏనుగులు, మనిషెత్తు చక్రాలు. కొత్త టేకు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ఆ వయసు గుర్తొస్తుంది.

జాత్ర రోజు హోమం చేశారు, గుమ్మడికాయ కొట్టారు. అప్పుడు మామ ఇంట్లోంచి పట్టుబట్టలో చుట్టిన వస్తువొకటి మేళతాళాలతో వచ్చింది. విప్పితే మూరెడు ఇత్తడి కలశం. తేరుకు పూజ అయ్యాకే దాన్ని శిఖరాన నిలపాలట. నిలిపాక తేరు తిరిగి గుడి చేరేదాకా దించకూడదట. పాత తేరు చూడని నాకు ఆ సంగతి తెలియదు. చూసినవాళ్ళేమో, ఇంజినీరుకు తెలియదా అని ఊరుకున్నారు.

తీగ కింద నేను వదిలిన సందు జానెడు, కలశం మూరెడు. నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారా? సావిత్రి మిద్దెమీద నిలబడి చూస్తోంది. ఎట్లా చెప్పమంటారు?

తేరు కదిలింది. తీగ దగ్గరికి రాగానే కలశం టంగుమని ఆగింది. సప్లై ముందే ఆపించాం కాబట్టి ప్రాణాలకు భయం లేదు. భయమంతా నా పెళ్ళికే.

"తీగ ఇప్పు" అన్నాడు మామ లైన్‌మన్‌తో.

"నా చేతుల లేదు సావుకారీ. పైనుంచి పర్మిషన్ రావాలె. ఇయ్యాల ఐతవారం."

"పోనీ, కలశం దించుదాం."

"దించరాదు" అన్నాడు పూజారి.

"జర ఎనకకు తీద్దాం."

"ఎనకకు నడవరాదు. ఊరికి అరిష్టం."

మామ నా వైపు తిరిగాడు. "కొలిచింది ఎవరు?"

ఊరంతా నా హెల్మెట్ వైపు చూసింది. అవును, జాత్రకూ పెట్టుకొచ్చాను.

"తేరుకు లెక్క చూసిన మామా. కలశం సంగతి నాకు తెల్వదు."

"అంగీ కుట్టి మెడకు సందు మరిచినవ్‌రా" అన్నాడు మామ. ఆ గొంతులో సావిత్రి నాకు కాకుండా పోవడం స్పష్టంగా వినిపించింది.

అప్పుడు మిద్దెమీద నుంచి ఆమె మాటే వినబడింది. "నాయినా, దేవుడు ఎనకకు పోరాదు, తీగ పైకి పోదు. దేవుడు కిందికి దిగరాదని ఎక్కడన్న ఉందా?"

పూజారి తల గోక్కున్నాడు. "అట్ల యాడా లేదు."

పారలు, గడ్డపారలు వచ్చాయి. తీగ కొలవనేల, వీధి తవ్వనేల అనుకుంటూ మొదటి పార నేనే వేశాను. తీగకు అటూ ఇటూ వాలుగా, చక్రాలకు సరిగ్గా రెండు గాడులతో గుంత తవ్వాం. తేరు మెల్లగా అందులోకి దిగింది. కలశం తీగ కిందుగా దూరింది. ఇక పైకి ఎక్కించడానికి ఆడా మగా అందరూ తాడు పట్టారు. తేరు పాదగట్ట చేరేసరికి నేను సిగ్గు విడిచి ఏడ్చేశాను.

అదే గుంతలో దిగి, ఎక్కి, తేరు గుడికి తిరిగొచ్చాక మామ నన్ను పక్కకు పిలిచాడు. "నీకు కొలత రాదు, బుద్ధి రాదు. నా బిడ్డ లేకుంటె నువ్వు బతకవు. చేసుకో పో."

మరుసటి ఏడు తీగను పైకి లేపారు. అయినా గుంత తవ్వారు. పోయినేడు వానలు బాగా పడ్డాయి కదా, ఎందుకు మార్చడమని. తర్వాత దానికి పసుపు, కుంకుమ మొదలయ్యాయి. ఇప్పుడు కొత్త పెళ్ళికూతుళ్ళు అక్కడ కొబ్బరికాయ కొడతారు. మొన్నటి జాత్రలో ఒక పిల్లవాడు, "ఈ గుంత ఎందుకు?" అన్నాడు. "దేవుడు భక్తులకు తల వంచే చోటు. తాతముత్తాతల ఆచారం, నోరు మూసుకో" అని కొత్త పూజారి గద్దించాడు. సావిత్రి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను గంభీరంగా పార అందుకున్నాను.

కాబట్టి హనుమప్ప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో దేవుడి వస్తువు దేన్నీ మళ్ళీ కొలవను. ఒక్కసారి కొలిస్తేనే ఊరికి ఆచారమొకటి పుట్టింది. ఇంకోసారి కొలిస్తే ఏకంగా స్థలపురాణమే పుడుతుంది.