ప్రభుదాస్ కాక అన్న ‘కట్’

2006 మార్చిలో, గోదావరిఖనిలోని నా ఆఫీసులో ఒక పెద్దమనిషి అన్న మాట నాకు సరిగ్గానే అర్థమైంది. అర్థం కానట్టు ఫారం నింపాను. ఆ తర్వాత తప్పంతా తనదేనని ఆయన అనుకుంటూ ఉంటే ఊరుకున్నాను. ఇళ్ల ఇన్సూరెన్సు గురించి నాకు తెలిసింది నలుగురికీ చెప్పమని అడుగుతుంటారు. ముందు ఇది చెప్పకుండా మిగతావి చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఆఫీసంటే చౌరస్తా దగ్గర జిరాక్సు షాపు పక్కన ఒక గది. నా పాలసీలన్నీ లారీలవి, బండ్లవి, దుకాణాలవి. ఇంటికి ఇన్సూరెన్సు కావాలని వచ్చేవాళ్లు ఏడాదికి ఇద్దరో ముగ్గురో. బొగ్గుగనుల ఊళ్లలో సగం జనం కంపెనీ క్వార్టర్లలో ఉంటారు. గోడ పగిలినా, నల్లా కారినా కంపెనీకి చీటీ రాస్తే మనిషి వస్తాడు. అలాంటి ఇంట్లో ముప్పై ఏళ్లు ఉన్నవాళ్లకు ఇల్లు పోతుందన్న భయం ఎలా ఉంటుంది?

ప్రభుదాస్ కాక సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో ఉండేవాడు. గనిలో టింబర్‌మన్, అంటే లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మా బాపుతో ఒకే షిఫ్టులో చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. భార్య మరియమ్మ చిన్నమ్మకు ఆయాసం. దుమ్ము లేని చోట ఉండాలని దవాఖానలో చెప్పారు. ఆమె చెల్లెలు సముద్రం పక్కన బందరులో ఉంటుంది. ఆ వీధిలోనే పాత ఇల్లు ఒకటి కొన్నారు. ముందు రెండు గదులు స్లాబు, వెనక రెండు గదులు పెంకులు. చేతికి రాబోయే సొమ్మంతా దానికే పోయింది. అక్కడ ఏడాదికి ఏమేం ఖర్చులు ఉంటాయో తెలుసుకుందామని ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

మొదట ఇంటిపన్ను గురించి చెప్పాను.

"ఇల్లు మాదే గద రాజేశం. మళ్ల పన్ను ఎవలకు?" అంది చిన్నమ్మ.

"మున్సిపాలిటీకి చిన్నమ్మా. ఆరునెల్లకోసారి."

"మరి బల్బు పోతే వాళ్లే వచ్చి మారుస్తరా?"

"ఇంట్ల బల్బు మీరే మార్చుకోవాలె."

"ఇన్నొద్దులు కంపెనీ మార్చింది. ఇగ నువ్వు ఎక్కాలె నిచ్చెన," అంది కాకతో. ఆయన నవ్వాడు. "గనిల ముప్పై ఏండ్లు ఎక్కిన, దిగిన. బల్బుకు భయపడుతనా?"

పాత యజమాని పన్ను బాకీ ఉంటే అది మీ మెడకు చుట్టుకుంటుంది, కాబట్టి బాకీ లేదని ముందే కాగితం తీసుకోండి అన్నాను. పన్ను రికార్డులో పేరు మార్చుకోవాలని, ఇల్లు ఉన్న చోటును, కొలతను, కట్టుబడిని బట్టి పన్ను వేస్తారని వివరంగా చెప్పాను. ఏ దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో కాగితం మీద రాసి ఇచ్చాను. పన్నులో నాకు కమీషన్ లేదు. అందుకే కావచ్చు, అక్కడ ఒక్క పొల్లు మాట కూడా చెప్పలేదు.

తర్వాత ఇన్సూరెన్సు. ఫైర్ పాలసీ అనేది పేరుకే అగ్నిప్రమాదం. అందులో ఎస్‌టీఎఫ్‌ఐ అని ఒక భాగం ఉండేది. తుఫాను, పెనుగాలి, వరద, నీట మునగడం, ఈ నాలుగింటినీ కలిపి అలా అంటారు. ఆ రోజుల్లో అది వద్దనుకుంటే తీసేయించుకోవచ్చు, ప్రీమియం కొంత తగ్గేది. మా దిక్కు దుకాణాలకు నేను దాన్ని దాదాపు ప్రతిసారీ తీసేయించేవాణ్ణి. ఎండలతో చచ్చే ఊరికి తుఫాను కవరు ఎందుకు? ఆ తీసెయ్యడాన్ని మేం ఏజెంట్లం ‘కట్ చెయ్యడం’ అనేవాళ్లం.

గని కార్మికుల ఇళ్లలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ కటింగ్ అంటే జీతంలో పట్టుకోవడం. పీఎఫ్ కట్, సొసైటీ కట్, యూనియన్ చందా కట్. జీతం చీటీలో ఒకటి కట్ అయిందంటే అది మనకు ఉన్నట్టు, ఇక దాని ఫికర్ లేనట్టు. "బీమా కట్ అయితలేదే" అని మా బాపు ఒకసారి జీతం చీటీ పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. కట్ కాకపోతేనే భయం. ఆ ఇంట్లో పెరిగిన నాకు ఈ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎస్‌టీఎఫ్‌ఐ అంటే ఏమిటో కాకకు చెప్పాను. తల ఊపాడు. ప్రీమియం ఎంతో చెప్పాను. చిన్నమ్మ మొఖం మారింది.

"ఏమీ కాకపోతే పైసలు వాపస్ వస్తయా?"

"రావు చిన్నమ్మా."

"ఏటేటా కట్టుడేనా? ఏం కాకున్నా?" ఆమె కాక వైపు తిరిగింది. "ముందుగాల సామాను చేరనియ్యి. గీ ముచ్చట తర్వాత చూద్దాం."

‘చూద్దాం’ అన్నవాడు మళ్లీ రాడని మా పనిలో అందరికీ తెలుసు. మార్చి నెల, నా టార్గెట్ ఇంకా తక్కువలో ఉంది. "కాకా, మరి ఎస్‌టీఎఫ్‌ఐ కట్ చెయ్యాల్నా?" అని అడిగాను.

"చెయ్యి బిడ్డా. అన్ని కట్ చెయ్యి. ఒక్కటి సుత ఇడువకు. ఆమె గట్లనే అంటది."

ఒక క్షణం ఆయన మొఖం చూశాను. ‘కాకా, నేనడిగింది అది కాదు’ అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఫారంలో తీసేసినట్టు గీత కొట్టి, ఆయన చేత దాని పక్కన సంతకం పెట్టించాను. తగ్గిన ప్రీమియం చెప్పాను. తగ్గింది ఏమంత కాదు, నెల రోజుల పాల ఖర్చుకు కూడా తక్కువే.

"మనోడని తగ్గించినవు," అన్నాడు కాక. చిన్నమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత రెండుసార్లు రెన్యువల్ నా చేతి మీదే జరిగింది. రెండుసార్లూ సరిచెయ్యగలిగేవాణ్ణి. సరిచేస్తే మొదట ఎందుకు చెయ్యలేదో చెప్పాల్సి వస్తుందని పాత కాగితమే కాపీ చేశాను.

మూడో ఏడు తుఫాను వచ్చింది. వెనక గదుల పెంకులు లేచిపోయాయి, ఒక గోడ పడింది, ముందు గదుల్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. చెల్లెలి ఇంట్లో తలదాచుకుని కాక ఫోన్ చేశాడు. "ఇన్సూరెన్సు ఉన్నది, ఫికర్ లేదని వీళ్లందరికి చెప్పిన బిడ్డా. ఎప్పుడు పంపిస్తరు మనిషిని?"

క్లెయిమ్ పంపాను. పాలసీలో ఆ కవరు లేదని జవాబు వచ్చింది. అది కాకకు నేనే చెప్పాలి. వారం ఆగి ఫోన్ చేశాను. ఇన్నేళ్ల పనిలో నేను అన్న అతి నీచమైన మాట ఆ ఫోన్‌లోనే అన్నాను.

"కట్ చెయ్యమన్నది నువ్వే గద కాకా. సంతకం సుత పెట్టినవు."

కాక నెమ్మదిగా, "గట్లనా? అయితే నాదే తప్పు బిడ్డా. నిన్నేం అంటం," అన్నాడు.

ఆయన గట్టిగా తిట్టి ఉంటే నేను ఇంకేదో అబద్ధమాడి మరిచిపోయేవాణ్ణి. తిట్టలేదు.

2013లో చర్చిలో ఎవరిదో పెళ్లికి గోదావరిఖని వచ్చినప్పుడు చిన్నమ్మ ఒక్కతే నా ఆఫీసుకు వచ్చింది. నా పిల్లల గురించి అడిగింది. కాక సంగతి అడిగితే, ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర కావలి కూర్చుంటున్నాడని, ఇల్లు బాగుచేయించిన అప్పు అలాగే తీరుస్తున్నాడని చెప్పింది. నాకు ఎక్కువ తగిలింది ఆ తర్వాత చెప్పింది.

"మా చెల్లె మొగడు బడిపంతులు చేసి రిటైరైండు. చదువకుండ సంతకం పెట్టినవని మీ కాకను పదిమంది ముంగట అన్నడు. నేను సుత ఊకున్నానా? గదే మాట అన్న. అప్పటిసంది ఏ కాయితం మీద పెన్ను పెడ్తలేడు. ఇంటిపన్ను రశీదు మీద సుత నన్నే పెట్టమంటడు. ఏదన్న అడిగితే, నన్నెందుకు అడుగుతరు, నాకేం తెల్వది అంటడు."

ఆమె ఇది ఫిర్యాదుగా చెప్పలేదు. నన్ను వాళ్ల మనిషిగా అనుకుని చెప్పింది. ఆమె పోయాక ఆ పాత ఫారం కాపీ తీసి చూశాను. ‘ప్రభుదాస్’ అని గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి ఉంది.

అప్పటి నుంచి నా పని తీరు మారింది. పాలసీలో ఏం ఉందో చెప్పేముందు ఏం లేదో చెబుతాను. ఎదుటి మనిషి చేత అదే ముచ్చటను వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకుంటాను. ‘కట్’ అనే మాట వాడను. సంతకం చూపించి మనిషి ఒప్పుకున్నాడనడం తేలికే. ఏది అనుకుని ఒప్పుకున్నాడో తెలిసింది ఏజెంటుకే. ఆ సంగతి ఏ ఫారంలోనూ ఉండదు. ఇంత తెలుసుకున్నాక కూడా బందరు పోవడానికి నాకు మరో ఏడాది పట్టింది. పోయేనాటికి రాష్ట్రం వేరైంది.

కాక నన్ను చూసి సంతోషపడ్డాడు. "మన దిక్కు ఎండలు ఎట్లున్నయి?" అన్నాడు. పంతులు గారిని కూడా పిలిపించమన్నాను. నలుగురం ముందు గదిలో కూర్చున్నాక, ఆ రోజు నేనేం అడిగానో, కాక ఏమన్నాడో, గనుల దగ్గర ఆ మాటకు అర్థమేమిటో, నేనేం రాశానో మొత్తం చెప్పాను.

పంతులు గారు కళ్లజోడు తీశారు. "అంటే ఆయన కావాలంటున్నారని తెలిసే తీసేశారా మీరు?"

"తెలిసే తీసేసిన సార్."

కాక నా వైపు చూడలేదు. చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

"కాకా," అన్నాను, "నువ్వు చదువక పోగొట్టుకోలేదు. నన్ను నమ్మి పోగొట్టుకున్నవు. ఫోన్ల నీదే తప్పని నువ్వు అన్ననాడే, కాదు నాదని అనాల్సింది. అనలేదు. గిప్పుడు అందరి ముంగట అంటున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."