బాబాయి కార్డులన్నీ ఆకుపచ్చే

బాయిలర్ సర్టిఫికెట్ పరీక్షకు చదివించే మా సాయంత్రం క్లాసులో ఆ ఏడాది పద్నాలుగు మంది ఉండేవాళ్లు. పద్నాలుగు మందికీ పద్నాలుగు రకాల యాప్‌లు. పుస్తకం తెచ్చేదాన్ని నేనొక్కదాన్నే. ఒకడు నేను బోర్డు మీద రాసిందల్లా ఫొటో తీసేవాడు. ఆ ఫొటోలు మళ్లీ తెరిచి చూసిన పాపాన పోలేదు. బిస్కట్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చే అమ్మాయి పాఠాల వీడియోలు రెట్టింపు వేగంతో వినేది, విని విని తనూ అదే వేగంతో మాట్లాడేది. ఇంకొకాయన నా గొంతు రికార్డు చేసుకుని బస్సులో పెట్టుకునేవాడు. "మీ పాఠం వింటే హాయిగా నిద్ర పట్టేస్తుంది మేడం" అని నా మొహం మీదే అన్నాడు. ఇరవై ఏళ్లుగా బాయిలర్ల గురించి గొంతు చించుకుంటున్నందుకు నాకు దక్కిన బిరుదు ఇది.

వీళ్లందరిలో పెద్దవాడు ఆస్పత్రి లాండ్రీలో బాయిలర్ నడిపే ఆయన. నలభై ఎనిమిదేళ్లుంటాయి. క్లాసంతా ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. నాకంటే ఆరేళ్లు చిన్నవాడైనా నాకూ అదే అలవాటైపోయింది. ఆస్పత్రి దుప్పట్లు, ఆపరేషన్ గదుల గుడ్డలు ఉతకడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరి ఇచ్చే బాయిలర్‌ని ఇరవై రెండేళ్లుగా ఆయనే చూసుకుంటున్నాడు. ఇప్పుడు కొత్త నిబంధన వచ్చిపడింది. సర్టిఫికెట్ లేనివాడు ఈసారి పరీక్ష అయిన మరుసటి నెల ఒకటో తారీకు నుంచి బాయిలర్ గదిలో అడుగు పెట్టకూడదు. పరీక్ష మూడుసార్లకు మించి రాయనివ్వరు. బాబాయి అప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే ఆస్పత్రిలో ఇంకో పని చూపించలేమని పై అధికారి ముందే తేల్చి చెప్పాడు. భార్య ఒక కుట్టు దుకాణంలో గుండీలు కుడుతుంది. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ చదువుకుంటున్నారు. ఆ ఇల్లు నిలబడింది ఆ బాయిలర్ మీదే.

అందుకని పెద్దకూతురు తండ్రి ఫోనులో కార్డుల యాప్ పెట్టింది. పుస్తకంలోని ఆరువందల నలభై ప్రశ్నలూ సెలవులన్నీ కూర్చుని తనే ఎక్కించింది పిచ్చిపిల్ల. ఒక్కో ప్రశ్నకు ఒక్కో కార్డు. ప్రశ్న చదివి, జవాబు మనసులో అనుకుని, కార్డు తిప్పి సరిచూసుకోవాలి. కింద రెండు మీటలుంటాయి. ఎర్రది 'తెలియదు', ఆకుపచ్చది 'తెలుసు'. ఎర్రది నొక్కితే ఆ కార్డు మర్నాడే మళ్లీ వస్తుంది. ఆకుపచ్చది నొక్కితే వారం తర్వాత వస్తుంది, మళ్లీ నొక్కితే నెల తర్వాత, ఆపైన ఇంకా ఆలస్యంగా. రానిదాన్ని ఎక్కువసార్లు చూపించాలన్నది దాని లెక్క. తెలివైన ఏర్పాటే, కాదనను.

బాబాయి రోజూ క్లాసుకు పావుగంట ముందే వచ్చి, మొదటి బెంచీలో కూర్చుని, బొటనవేలితో కార్డులు తిప్పుతూ ఉండేవాడు. ఒకరోజు భుజం మీదుగా తొంగిచూశాను. తెరంతా పచ్చగా ఉంది. ఒక్క ఎర్ర చుక్క లేదు. నాకు ఎంత సంతోషం వేసిందో! ఆ ఫోను లాక్కుని క్లాసంతటికీ చూపించాను.

"చూడండ్రా, చూసి సిగ్గు తెచ్చుకోండి. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి ఈయన ఇన్ని నేర్చుకున్నాడు. ఇకనుంచి బాబాయిని నేను ప్రశ్నలడగను. మీ పని పడతాను."

అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి తల వంచుకుని నవ్వాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. అన్నమాట ప్రకారం ఆ రోజు నుంచి రెండు నెలలపాటు ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆదివారం పరీక్ష అనగా గురువారం కంప్యూటర్ మీద నమూనా పరీక్ష పెట్టాను. వంద ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనది ఎంచుకోవాలి. యాభై వస్తే పాస్. రెట్టింపు వేగం అమ్మాయికి డెబ్బై ఒకటి వచ్చాయి. ఫొటోలవాడికి కూడా యాభై మూడు వచ్చాయి. బాబాయికి పంతొమ్మిది.

కంప్యూటరు పాడైందనుకున్నాను. అందర్నీ పంపించేసి, ఆయన్ని కూర్చోబెట్టి నోటితో అడిగాను. "బాయిలర్‌లో పేరుకునే మడ్డిని ఎప్పుడు బయటికి వదలాలి? ఎందుకు?"

"తెలుసు మేడం" అన్నాడు.

"తెలిస్తే చెప్పండి."

"తెలుసు మేడం" అని మళ్లీ అని, నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. ఇంకో నాలుగు అడిగాను. నాలుగింటికీ తెలుసు మేడం. ఫోను ఇమ్మన్నాను. యాప్ తెరిస్తే పైన పెద్ద అక్షరాలతో ఉంది: శభాష్, మీరు అన్నీ నేర్చేసుకున్నారు, తర్వాతి కార్డు నాలుగు నెలలకు.

"బాబాయ్, నిజం చెప్పండి. రాని ప్రశ్నకు ఏ మీట నొక్కేవారు?"

 అప్పుడు చెప్పాడాయన. ఇరవయ్యేళ్ల వయసులో పని కోసం ఒక మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడట. మేస్త్రీ వచ్చి పంపు నడపడం తెలుసా అని అడిగాడట. తెలియదంటే పక్కవాణ్ని లోపలికి తీసుకుని ఈయన్ని పొమ్మన్నాడట. మర్నాడు ఇంకో గేటు దగ్గర అదే మాట అడిగితే తెలుసన్నాడు, పని దొరికింది. అక్కడివాళ్లని చూసి చూసి నేర్చుకున్నాడు. అప్పట్నుంచి పని ఇచ్చేవాడు ఏది అడిగినా తెలుసు సార్. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తెలియదని అనలేదు.

"అది ఫోను బాబాయ్! దానికి మీరు తెలియదంటే ఏం పోయింది?"

"అమ్మాయి చూస్తుంది కదా మేడం. అంత కష్టపడి ఎక్కించింది. తర్వాత మీరు కూడా అందరికీ చూపించారు. అప్పుడింక ఎర్రది ఎలా నొక్కను?"

తల కొట్టేసినట్టయింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను.

మిగిలింది రెండు రోజులు. యాప్‌లో ఉన్నదంతా చెరిపేసి మొదటి కార్డు నుంచి మొదలుపెట్టించాను. ఆయనకు సెలవు ఇవ్వరు, బాయిలర్ వదిలి రావడానికి లేదు. దాంతో శుక్రవారం, శనివారం నేనే లాండ్రీకి వెళ్లాను. గది లోపల ఒకటే వేడి, ఒకటే మోత. గోడకు గేజీలు, మూలన చమురు తొట్టి, ఒక ఇనప స్టూలు. స్టూలు నాకు వేసి ఆయన నిలబడే ఉన్నాడు. మోతలో వినబడక ప్రశ్నలన్నీ అరిచి అడిగాను.

"గాజుగొట్టంలో నీటిమట్టం కనబడకపోతే మొదట ఏం చేయాలి?"

ఆయన గబగబా నడిచి వెళ్లి మంటకు చమురు వెళ్లే వాల్వు మీద చెయ్యి వేశాడు. రెండో చేత్తో నీళ్ల పంపు మీటని ముట్టుకోబోయి, వద్దు వద్దన్నట్టు వెనక్కి లాగేసుకున్నాడు. ముందు మంట ఆపాలి, నీళ్లు తగ్గి ఎర్రగా కాలిన బాయిలర్‌లోకి నీళ్లు వదలకూడదు. నూటికి నూరుపాళ్లు సరైన జవాబు. పుస్తకంలో ఒక పేజీ ఉన్న సంగతి ఆయన రెండు చేతుల్లో ఉంది.

"నోటితో చెప్పండి బాబాయ్!"

"ఇదిగో, ఇది మేడం. దీన్ని కట్టెయ్యాలి. దాన్ని ముట్టుకోకూడదు."

"పరీక్షలో ఇదీ అదీ ఉండవు. పేరు చెప్పండి!"

ఒక్కో కార్డూ అంతే. ప్రశ్న అడిగితే ఏదో ఒకటి తిప్పి చూపిస్తాడు, పేరు మాత్రం నోటికి రాదు. పంపు శబ్దం కాస్త తేడాగా వచ్చిందని నా ప్రశ్న మధ్యలో వదిలేసి పరిగెత్తి, ఏదో బిగించి వచ్చాడు. ఆ తేడా ఏమిటో నాకు వినబడనే లేదు. ఈ మనిషికి పరీక్ష పెట్టడానికి నేనెవరినని ఏడుపొచ్చింది. అయినా అడుగుతూనే ఉన్నాను. తెలియనిదానికి ఎర్ర మీట నొక్కమంటే మొదట్లో ఆయన వేలు ఆకుపచ్చ దాని మీదికే పోయింది. శనివారం మధ్యాహ్నానికి టకటకా నొక్కుతున్నాడు. తెర ఎర్రబడిపోయింది. చిత్రం ఏమిటంటే, అలా ఎర్రబడ్డ కార్డే తిరిగి వచ్చినప్పుడు ఆయనకు వస్తోంది. పేర్లు ఒక్కొక్కటే నాలుక మీదికి ఎక్కుతున్నాయి. సాయంత్రానికి మూడువందల పది కార్డులు అయ్యాయి. ఇంకో మూడువందల ముప్పై ముట్టుకోనేలేదు. దేవుడా, ఇంకొక్క వారం ఇవ్వకూడదా అని పైకే అనేశాను. బాబాయి గేజీ గాజు తుడుస్తూ ఉండిపోయాడు.

బుధవారం ఫలితాలు వచ్చాయి. ఆయన హాల్‌టికెట్ నంబరు కొట్టి చూశాను. నలభై ఆరు.

మూడు రోజుల్లో పంతొమ్మిది నుంచి నలభై ఆరుకు వచ్చాడు. ఆ రెండు నెలల్లో నేను వారానికి ఒక్క ప్రశ్న అడిగి ఉన్నా బయటపడేది. నాలుగు మార్కులు! ఎవరి మీద పడి ఏడవను? ఆయనకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. గురువారం కూడా ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం నేను క్లాసు గదిలో కొత్త బ్యాచ్ దరఖాస్తులు సర్దుకుంటుంటే వచ్చాడు. ఎప్పటిలాగే మొదటి బెంచీలో కూర్చున్నాడు. గడ్డం నున్నగా చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"ఇంట్లో చెప్పారా బాబాయ్?"

"చెప్పాను మేడం."

"ఏమన్నారు?"

"సంతోషపడ్డారు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పైప్రాణాలు పైనే పోయాయి. "పాసయ్యానని చెప్పారా?"

తలూపాడు. తర్వాత చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఒక్క సాయం చేయండి మేడం. మా ఆవిడకి ఫోన్ చేసి అవునని ఒక్క మాట చెప్పండి. నేను చెప్పింది నమ్మినట్టు లేదు. పైకి నవ్వుతోంది గానీ రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. మర్యాద, గిర్యాద అన్నీ ఎగిరిపోయాయి. "నీకేమైనా మతి పోయిందా? ఒకటో తారీకు పదకొండు రోజుల్లో ఉంది. ఆ రోజు పొద్దున్న ఏం చెప్తావ్? క్యారేజీ పట్టుకుని ఎక్కడికి పోతావ్?"

"ఎక్కడికో అక్కడికి వెళ్తాను మేడం. ఆ టైముకి బయల్దేరకపోతే పిల్లలు అడుగుతారు కదా."

అంత మెల్లగా చెప్పాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు, కళ్లనీళ్లు మాత్రం ఆగలేదు. ఆయన పాత దరఖాస్తులో ఉన్న ఆవిడ నంబరు నా ఫోనులోంచే కొట్టి ఆయన చేతిలో పెట్టాను. "నేను చెప్పను. నువ్వే చెప్పు. పాస్ కాలేదని ఆవిడకి చెప్పు" అన్నాను. వెనక్కి ఇవ్వబోయాడు, నేను తీసుకోలేదు. ఈలోగా అటువైపు ఎత్తారు. గది నిశ్శబ్దంగా ఉంది, ఆవిడ మాట నాకు స్పష్టంగా వినబడింది.

"హలో, మేడం గారా?"

"నేనే" అన్నాడు. ఇంకేమీ అనలేకపోయాడు.  నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. 

"నాకు బుధవారమే తెలుసండీ" అంది ఆవిడ. "పెద్దది నంబరు కొట్టి చూసింది. మీరలా నవ్వుకుంటూ వచ్చి పాసయ్యానంటే, ఇక ఏమనాలో నాకు తోచలేదు. చిన్నదానికి చెప్పొద్దన్నాను. దుకాణంలో ఇంకో పూట పని ఇమ్మని అడిగాను. లేదన్నారు."

బాబాయి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మరి ఎలాగే?" అన్నాడు. "ఒకటో తారీకు నుంచి ఎలాగే మనకి?"

"ఏమోనండీ" అంది ఆవిడ. "నాకూ ఏమీ తోచడం లేదు."

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. ఫోను పెట్టెయ్యనూ లేదు.