ఫ్రీజరు రిజిస్టరులో డిట్టో గుర్తులు

డాక్టరమ్మ మా నాచారం ఇంటికి వచ్చేసరికి నా డైరీలన్నీ సంవత్సరాల వరుసలో దివాను మీద పేర్చి పెట్టాను. ఏ సంవత్సరానిది కావాలో ఆమె ఫోనులోనే చెప్పింది. అయినా అన్నీ తీశాను. వరుసలో ఒకటి లేకపోతే చూడగానే తెలిసిపోతుంది. నాలో ఒక మనిషి ఆ ఒక్కదాన్ని దాచేయమంటున్నాడు. వాడికి అవకాశం ఇవ్వకూడదని అలా పేర్చాను.

ఉప్పల్‌లో ఒక పరిశోధన ల్యాబులో నేను టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆమె అక్కడికి విద్యార్థిగా వచ్చింది. రక్త వ్యాధుల మీద, అవి గుండెకు చేసే చెరుపు మీద ఆమె అచ్చు వేయించిన వ్యాసాల జాబితా ఇప్పుడు రెండు పేజీలు. కొత్తవి పైన, పాతవి కింద రాస్తారు. అన్నిటికంటే అడుగునున్నది తలసేమియా పిల్లల గురించిన వ్యాసం. పైవాటిలో చాలా భాగం దాన్ని నమ్ముకుని రాసినవే.

ఆ పిల్లలకు తరచూ రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో పేరుకుంటుంది. ఒక మందు వాడితే గుండె మీద భారం తగ్గుతుందని ఆ వ్యాసం తేల్చింది. గుండె అలసినప్పుడు రక్తంలో పెరిగే ఒక పదార్థాన్ని, మందుకు ముందూ తర్వాతా కొలిచి ఆ మాట అన్నాం. ఆ పదార్థం సున్నితమైనది. తీసిన రక్తాన్ని గడ్డకట్టే చలిలో ఉంచకపోతే దానంతట అదే తగ్గిపోతుంది.

ఇన్నేళ్ళకు ఎవరో అనుమానపడ్డారు. రక్తం నమూనాలు చివరిదాకా ఫ్రీజరులోనే ఉన్నాయనడానికి రుజువు చూపమని ఆ వ్యాసం వేసిన పత్రిక వాళ్ళు రాశారు. ఆమె ఫ్రీజరు రిజిస్టరు పంపింది.

"నెలంత డిట్టోలే అన్నా! గిదేం రిజిస్టరని అడుగుతున్నరు," అంది. నవ్వుతూనే వాళ్ళ ఉత్తరం నా ముందు పెట్టింది. "మీ డైరీ ఒక్కటి సాలు, నేను బయటపడ్త. ల్యాబుల చీమ పాకినా రాస్తరు గద మీరు."

మా ఆవిడ టీ తెచ్చింది. "దోమ కుట్టినా రాస్తడమ్మా. నేను అలిగిన రోజులైతే ఎర్ర సిరాతోని రాస్తడు."

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఫ్రీజరు చలి అంకె రోజూ చూసి రిజిస్టరులో రాయాలి. మేము నెల మొదట్లో ఒక అంకె వేసి, కిందంతా 'పైదే' అన్నట్టు రెండేసి గీతలు గీసుకుంటూ పోయేవాళ్ళం. అందరిదీ అదే పద్ధతి. ఇంట్లో కూరగాయల దగ్గర్నుంచి వివరంగా రాసుకునే నేను, జీతం తీసుకునే చోట గీతలు గీశాను.

"ఏమైందన్నా? దొరకలేదా?"

"దొరికింది మేడం. నిన్ననే సదివిన."

పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమె పైకి చదివింది. ఆదివారం: కీసర గుడికి వెళ్ళి వచ్చాం. దర్శనం బాగా జరిగింది. సోమవారం: శనివారం రాత్రి గాలివానకు పోయిన కరెంటు నిన్న సాయంత్రం వచ్చిందట. జనరేటరు తిరగలేదు. ఫ్రీజరులో మంచు కరిగి నీళ్ళు. రక్తం గొట్టాలు మళ్ళీ గట్టిపడుతున్నాయి.

చివరి వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివింది. మందుకు ముందు తీసిన రక్తం అప్పటికే పరీక్షించేశాం. మందు తర్వాతిది ఆ గొట్టాల్లో ఉంది. అందులో పదార్థం తగ్గింది మందు వల్లో, కరగడం వల్లో ఇక ఎవరూ తేల్చలేరు. ఆ సంగతి ఆమెకు నేను చెప్పక్కర్లేదు.

"ఆదివారం ఎవరి డ్యూటీ?"

"నాదే."

"కీసర పోయిన్రు."

"పోయిన. వచ్చి సూస్తే గట్లుండె. చెప్తే ఆదివారం యాడున్నవని అడుగుతరని రిజిస్టర్ల డిట్టో పెట్టిన."

"నాకన్న చెప్పొద్దా అన్నా? ఒక్క మాట!" అంది. మా ఆవిడ ఖాళీ పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "నా పేరు పోతే పోనియ్. గది సదివి ఎంతమంది డాక్టర్లు గా మందే సాలనుకున్నరో. పిల్లల గుండెకాయలవి."

ఆమె జాబితా తీసి అడుగు నుంచి పైకి, దాన్ని నమ్ముకున్న ఒక్కొక్క వ్యాసం దగ్గర పెన్నుతో చుక్క పెడుతూ పోయింది. చుక్కలు మొదటి పేజీలోకి కూడా ఎక్కాయి. టీ మీద మీగడ కట్టింది.

"వాళ్ళు వ్యాసం కొట్టేసేదాక నేను ఆగ," అంది చివరికి. "నేనే వెనక్కి తీసుకుంటున్న అని ఇయ్యాలనే రాస్త. మీరు గూడ జరిగింది రాసి సంతకం పెట్టాలె."

తెల్లకాగితం తెచ్చుకుని ఆమె ఎదురుగానే కూర్చున్నాను. ముందు తేదీ వేశాను. పెన్ను అక్కడే ఆగింది.

"రాయున్రి అన్నా," అంది, గొంతు కాస్త తగ్గించి. "కీసర కాడికెల్లి మొదలుపెట్టున్రి."