కిమ్‌లో ఎర్రబడిన బిందె

చెల్లెలు లత ఫోన్‌లో ఏడ్చింది కాబట్టి బయలుదేరాను. తను కొత్త కోడలు. పెళ్లి కాగానే అత్తవాళ్లు మగ్గాల పని కోసం సూరత్ నుంచి పక్కనే ఉన్న కిమ్ అనే చిన్న ఊరికి మారారు. అక్కడ సాయంత్రానికల్లా బిందెలో తాగే నీళ్లు ఎర్రబడుతున్నాయట. కోడలికి బిందె తోమడం రాదని అత్త అందరికీ చెబుతోంది. “వచ్చి తోల్కపోండ్రి” అని మాకు కబురు కూడా పెట్టింది. ఒంటరిగా రైలెక్కడం నాకిదే మొదటిసారి.

సూరత్‌లో మేముండే లింబాయత్ నుంచి షేర్ ఆటోలో ఉదయం తొమ్మిదికి సూరత్ స్టేషన్ చేరాను. ప్యాసింజర్ రైల్లో కిమ్‌కు గంట కూడా పట్టదు, టికెట్ ఆటో కన్నా తక్కువే. కిమ్‌లో ఎక్కిన ఆటోలో డ్రైవర్ నీళ్ల సీసా అడుగున ఎర్రటి మడ్డి కనబడింది. బిడియపడుతూనే అడిగాను.

“బోర్ కా పానీ హై, బహెన్,” అని నవ్వాడు. ఆ బోరు నీళ్లలో ఇనుము కరిగి ఉంటుందట, పట్టినప్పుడు కనబడదట. గాలి తగిలాక తుప్పుగా మారి రంగు తేలుతుంది. వాళ్లింట్లో బకెట్ నుంచి బకెట్‌కు ఎత్తు నుంచి పోసి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీళ్లు గుడ్డతో వడగడతారట.

లత అత్త నన్ను గడపలోనే అందుకుంది. “చూడు బిడ్డా, మీ చెల్లె పనితనం! బిందెనా ఇది, తుప్పువట్టిన డబ్బానా?” లత తలెత్తలేదు. చింతపండుతో తోమి తోమి వేళ్లు పొక్కిపోయాయి.

ఒక గాజు సీసా కడిగి ఆమె చేతికిచ్చి, “జర మీరే నీళ్లు పట్టుండ్రి, అత్తమ్మా,” అన్నాను. బోరు కుళాయి నుంచి నీళ్లు తేటగా వచ్చాయి. మూత పెట్టకుండా గూట్లో ఉంచాను.

“ఏంది, నీళ్లకు కాపలా ఉంటవా?” అని ఎగతాళి చేసింది.

వంటయింది, తిన్నాం. టీ వేళకు సీసాలో నీళ్లు ఎర్రబడ్డాయి. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. “నేనే గద పట్టిన,” అంది మెల్లగా. తర్వాత లత వైపు చూడకుండానే, “ఆ చింతపండు లోపల వెట్టు. పప్పుచారుకు అక్కరకొస్తది,” అంది.

తిరుగు రైల్లో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఇంటికి నీళ్లూ కోడలూ ఒకేసారి కొత్త. అనుమానం మాత్రం కోడలి మీదికే పోయింది. ఆటో డ్రైవర్ చెప్పినట్టు వడగట్టి తాగినా, రంగు పోతే చాలదని, నీళ్లు ఒకసారి పరీక్ష చేయించమని లత భర్తకు చెప్పి వచ్చాను. మీరు అద్దెకు బోరు నీళ్లున్న గది చూడబోతే, నీళ్లు పట్టగానే చూసి ఒప్పుకోకండి. ఒక సీసాలో పట్టి, మూత తీసి పూటంతా ఉంచి, అప్పుడు చూడండి.