మా బావ లాగిన్ తెర

మా బావ డ్రైవింగ్ నేర్పుతాడు. నేర్పే కారులో ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని తొక్కీ తొక్కీ, ఇంట్లో కుర్చీలో కూర్చున్నా సరే, ఎదురుగా ఎవరైనా నిండు గ్లాసుతో గబగబా వస్తుంటే ఆయన కుడికాలు నేలను గట్టిగా నొక్కుతుంది. పెళ్లయిన కొత్తలో మా అక్క అదేదో జబ్బనుకుని హడలిపోయింది. ఆ డ్రైవింగ్ స్కూల్లో ఆఫీసు పని నాది. ఫోన్లెత్తడం, క్లాసుల వేళలు సర్దడం, కారుతో గోడను గుద్ది వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం.

బావకు ఇంకో పిచ్చి ఉంది. పొద్దున్నే మొదటి క్లాసుకు ముందు కంప్యూటర్ దగ్గర కూర్చుని ప్రోగ్రాములు రాస్తాడు. ఆయనలాంటివాళ్లే కొందరు కలిసి ఒక డెస్క్‌టాప్ వ్యవస్థను తయారుచేశారు. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, నచ్చకపోతే విప్పి మార్చుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. అందులో బావ వాటా లాగిన్ మేనేజర్. కంప్యూటర్ ఆన్ చేయగానే ‘మీరెవరు, మీ పాస్‌వర్డ్ ఏమిటి’ అని ఒక తెర అడుగుతుంది చూడండి, దాన్ని నడిపేది అదే.

ఇన్నేళ్లూ ఆ వ్యవస్థలో బావదే డిఫాల్ట్. డిఫాల్ట్ అంటే ఎవరూ ఏదీ ఎంచుకోకపోతే దానంతటది వచ్చేది. మా ఇంట్లో టీ ఎవరు పెట్టాలనే మాట రాగానే అందరూ నా వైపు చూస్తారే, అలాంటిది. ఆ పదవంటే బావకు ప్రాణం. కానీ పాపం, లాగిన్ తెర గురించి ఎవరూ ఒక మంచిమాట అనరు. పనిచేసినన్నాళ్లూ అది ఉన్నట్టే గుర్తుండదు. చెడిందా, తిట్లన్నీ బావకే. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ‘బాగుందయ్యా’ అని రాసిన పాపాన పోలేదు. ఆయన పైకి అనడు గానీ, మెయిల్ చూసుకుని లేచినప్పుడల్లా మొహం చూస్తే నాకు తెలిసిపోయేది.

ఈసారి ఆ వ్యవస్థ కొత్త విడుదలకు, ఆ బృందంలోనే ఉన్న ఒక లెక్కల మాస్టారు పోటీకి వచ్చారు. రిటైరయ్యాక ఆయన కూడా ఒక లాగిన్ మేనేజర్ రాశారు. మెయిళ్లలో ఆయనకూ బావకూ ఉప్పూ నిప్పూ. బావ పేజీ నిండా రాస్తే ఆయన ‘చూశాను. అనవసరం’ అని కొట్టిపారేసేవారు. ఆ మెయిల్ వచ్చిన రోజు క్లాసుకొచ్చినవాళ్ల పని అయిపోయేది.

"ఈసారి నాది తీసేస్తారు మరదలా," అన్నాడు బావ ఒకరోజు ఆఫీసులో.

"తీసేస్తే తీసేశారు. పొద్దున్నే హాయిగా పడుకో బావా."

"రేపట్నుంచి టీ పెట్టే పని నీ దగ్గర్నుంచి లాగేసుకుంటే నీకు హాయిగా ఉంటుందా?"

"బ్రహ్మాండంగా ఉంటుంది. ఇవాళే లాగేసుకోండి."

ఆయన నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు, వ్యవహారం ముదిరిందని.

ఆ బృందానికి ఒక వింత పద్ధతి ఉంది. రెండు ప్రోగ్రాములు పోటీపడితే వాటిని రాసినవాళ్లు తమదాని తరఫున నోరెత్తకూడదు. ఎదుటివారిది తమ ఇంట్లో పెట్టుకుని కొన్నాళ్లు వాడి, సమావేశంలో దాని తరఫునే వాదించాలి. సొంతదాన్ని పొగుడుకునేవాళ్లతో విసిగిపోయి పెట్టుకున్న నియమమట. బావ తల పట్టుకున్నాడు. ఆ మాస్టారు నోట తన గురించి మంచిమాట రావడం ఈ జన్మలో జరగదని ఆయన నమ్మకం.

సరే, మాస్టారి ప్రోగ్రామును ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టి, ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. లాగిన్ తెర ఊసే లేదు. తిన్నగా లోపలికి వెళ్లి కూర్చుంది.

"చూశావా! అసలు లేవనే లేదు! దీన్నా డిఫాల్ట్ చేస్తారు?" అంటూ బావ కస్సుబుస్సులాడుతూ మెయిల్ రాయడం మొదలుపెట్టాడు.

అక్క బట్టలు మడతపెడుతూ, "ఏవండీ, మన కంప్యూటర్ పాస్‌వర్డ్ అడగడం ఎప్పుడో మానేసింది కదా," అంది. "అమ్మ మర్చిపోతోందని మీరే కదా తీసేసింది!"

బావ నోరెళ్లబెట్టాడు. ఊరందరికీ లాగిన్ తెర చేసిపెట్టిన మనిషి ఇంట్లో ఆ తెరే రాదు! ఏదైనా మార్పు చేసినప్పుడు తెర మీద ఒక మూల చిన్న కిటికీలో ఆడించి చూసుకోవడమే తప్ప, దాని ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టి ఎన్నేళ్లయిందో. నేను కడుపుబ్బ నవ్వాను. బావ ఆ మెయిల్ చెరిపేసి, ఆ రోజునుంచి ఇంట్లో అందరూ పాస్‌వర్డ్ కొట్టే లోపలికి వెళ్లాలని హుకుం జారీ చేశాడు.

అమ్మ రోజూ అల్లికల వీడియోలు చూస్తుంది. మర్నాడు కళ్లజోడు సవరించుకుని కూర్చుంది. ఆమె చిటికెన వేలు ఎప్పుడూ వెళ్లి పెద్ద అక్షరాల మీటను, అదే క్యాప్స్ లాక్‌ను, తాకుతుంది. తాకింది. వెంటనే తెర మీద ఇంతేసి లావు అక్షరాలతో ‘పెద్ద అక్షరాలు ఆన్‌లో ఉన్నాయి’ అని వచ్చింది. అమ్మ ఆ మీట మళ్లీ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, లోపలికి వెళ్లింది. అంటే ఇన్నాళ్లూ పాస్‌వర్డ్ పెద్ద అక్షరాల్లో పడి తప్పయ్యేదే తప్ప, అమ్మ దాన్ని ఏనాడూ మర్చిపోలేదు!

"బాబూ, ఇది భలే చెబుతోందండీ," అంది అమ్మ. "ఇదివరకటిది ఎంత కొట్టినా తప్పెక్కడో చెప్పేది కాదు."

"ఇదివరకటిది నాది అత్తయ్యా."

"అయ్యయ్యో! అదీ బాగానే ఉండేది లెండి, చూడ్డానికి."

సమావేశం మా స్కూలు క్లాసుగదిలోనే పెట్టారు. సెలవు రోజు. గోడల నిండా ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు, మధ్యలో కుర్చీలు. సమావేశానికి పెద్దగా కూర్చున్నది ఆ బృందంలోని ఒక నర్సమ్మ. టీ ట్రేతో నేనూ ఉన్నాను, డిఫాల్ట్ కదా.

ముందు బావ లేచాడు. మాస్టారి ప్రోగ్రాము గురించి మా అమ్మ కథంతా చెప్పాడు. తన తెర ఆవిడకు తప్పెక్కడో చెప్పకుండా గుమ్మం బయట నిలబెట్టిందనీ, ఆవిడ మతిమరుపు మనిషని తామందరూ అనుకున్నామనీ దాచకుండా చెప్పాడు. నీ కొంప నువ్వే ముంచుకుంటున్నావు బావా అని కళ్లతో సైగలు చేశాను. చూస్తేగా! మంచి జోరు మీదున్నాడు.

"ఈ పోటీకి ముందు మీ ఇళ్లలో లాగిన్ తెరను రోజూ చూసినవాళ్లు చేతులెత్తండి," అంది నర్సమ్మ.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఏది డిఫాల్ట్ కావాలని నెలల తరబడి కొట్టుకున్న మహానుభావులందరి ఇళ్లలోనూ కంప్యూటర్ దానంతటదే తెరుచుకునేది. నర్సమ్మ తన చెయ్యి కూడా లేవలేదని చూసుకుని పకపకా నవ్వింది. దాంతో గదంతా నవ్వులే.

నవ్వులు సద్దుమణిగాక మాస్టారు లేచారు. బావ నేల చూపులు చూస్తున్నాడు.

"ఈయనకి నేను ‘అనవసరం’ అని చాలాసార్లు రాశాను," అన్నారు మాస్టారు. "మా ఇంటావిడకి ఈమధ్య చెయ్యి వణుకుతోందండి. మౌస్ పట్టుకోలేకపోతోంది. నా ప్రోగ్రాంలో పేరు మీద నొక్కాలి, మళ్లీ పెట్టెలో నొక్కాలి. ఈయనదాంట్లో ఏమీ నొక్కక్కర్లేదు. తెర వచ్చేసరికే పాస్‌వర్డ్ పెట్టెలో కర్సర్ గీత రెడీగా నిలబడి ఉంటుంది. టైపు చేసుకుంటూ పోవడమే. ఆ గీతని అక్కడ నిలబెట్టాలని నాకు తట్టలేదు."

మాస్టారు బావ వైపు చెయ్యి చూపించారు.

"ఇంకోటి. పాస్‌వర్డ్ తప్పయితే నాది ఎర్రగా ‘తప్పు’ అంటుంది. ఉద్యోగమంతా పిల్లల పుస్తకాల మీద అదే రాశాను, అలవాటు. ఈయనది ‘ఫర్లేదు, ఇంకోసారి చూద్దాం’ అంటుంది. మా ఆవిడకి చాలాసార్లే తప్పు పడింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ‘సరే, చూద్దాంలే’ అని దాంతో కబుర్లు చెప్పింది. ఈ గోడలు చూశాక తెలిసింది, ఇది రాసిన మనిషి భయపడేవాళ్ల పక్కన కూర్చునే మనిషని. బాగుందండీ. చాలా బాగుంది."

‘ఫర్లేదు, ఇంకోసారి చూద్దాం’ అనే మాట నేను రోజుకెన్నిసార్లు వింటానో! గేటు దగ్గర కారు ఆగిపోయిన ప్రతివాళ్లతో బావ అనేది అదే. అది ఆయన తెర మీద కూడా ఉందని నాకప్పటిదాకా తెలియదు. బావ కళ్లు ధారలు కట్టాయి. తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. నాకూ ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ట్రే కింద పెట్టేశాను.

చేతులెత్తమన్నారు. మాస్టారిదానికి అందరికన్నా ముందు లేచిన చెయ్యి బావదే. బావదానికి ముందు లేచింది మాస్టారిది. లెక్కచూస్తే మాస్టారిదే నెగ్గింది. బావది కావలసినవాళ్లు తెచ్చిపెట్టుకోవచ్చు, దానంతటది మాత్రం ఇక రాదు. మాస్టారు వెళ్తూ వెళ్తూ ఆ గీత ఎలా నిలబెట్టారో నేర్పమని బావను అడిగారు.

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది.

"ఏమైందే?" అంది నాతో.

ఓడిపోయాడని ఆయన ఎదురుగా ఎలా చెప్పను? బావే నా వైపు తిరిగాడు. ఏనుగెక్కినంత సంబరంగా ఉన్నాడు.

"చెప్పు మరదలా, మాస్టారు ఏమన్నారో చెప్పు."

చెప్పాను.

"గీత సంగతి వదిలేశావేం? అదీ చెప్పు."

అదీ చెప్పాను. ఇంతలో లోపల్నుంచి అమ్మ వచ్చింది.

"అత్తయ్య వినలేదు. మొదట్నుంచి చెప్పు."

"ఇంతకీ గెలిచారా, లేదా?" అంది అక్క.

"ఉండవే, అది తర్వాత చెబుతుంది," అన్నాడు బావ. "ముందు ఆయన వట్టి ‘బాగుంది’ అన్నారా, ‘చాలా బాగుంది’ అన్నారా, అది చెప్పనీ."

"చాలా అన్నారు బావా," అన్నాను.