ధోతి ముందు నిలబడ్డ ఉత్తరేణి

నా చిన్నప్పుడు వనపర్తిలో మా పక్కింటి అక్క మొక్కల ఫోటోలు తీసిన ముచ్చటను వాళ్లింట్లో ఇప్పటికీ ఒకేలాగ చెబుతారు: వాళ్ల నాయినే సంబరపడి, తన తెల్ల ధోతి ఇచ్చి మరీ తీయించాడట. శుద్ధ అబద్ధం. ఆ ధోతిని మొక్కల వెనక పరదాలా పట్టుకుని నిలబడ్డది నేను.

అక్క డిగ్రీలో వృక్షశాస్త్రం చదివేది. మొక్కలు సేకరించడానికి క్లాసంతా మన్ననూరు అడవికి పోతుంటే నాయిన ఆపేశాడు. "ఆడపిల్లకు అడివేంది?" అని ఒక్కటే మాట. మొక్కలో, కనీసం వాటి ఫోటోలో చూపించకపోతే ప్రాక్టికల్ పరీక్ష తప్పినట్టే. ఏడుస్తుందేమోనని ఇంట్లోవాళ్లంతా చూశారు. అక్క మాత్రం మేనమామ దగ్గర కెమెరా అడుక్కుని గల్లీలోకి వచ్చింది.

మోరీ పక్కన తుమ్మి, గోడ పగుల్లో కుప్పింట, పెంటకుప్ప మీద ఉత్తరేణి. వెనక గోడ మరకలుంటే ఆకు అంచు తెలియదని, దండెం మీది ధోతి లాగి నా చేతికిచ్చింది. ముందు మొత్తం మొక్క, తర్వాత ఆకు తిప్పి దాని అడుగు, ఆపైన గింజ. దారిన పోయేవాళ్లనల్లా పేరు అడిగేది.

"ఏందే పిల్లా, గడ్డికి పెండ్లి ఫోటోలు దీస్తున్నవా?" బీడీలు చుట్టే పెద్దమ్మ నవ్వింది.

"పెండ్లిపిల్ల పేరు చెప్పు పెద్దమ్మా, మిగిలింది నేను చూసుకుంట."

"ఉత్తరేణే! జర దూరముండు, బట్టలకు అంటుకుంటది."

అంటుకోనే అంటుకుంది. సాయంత్రం ఆ ధోతి కట్టుకుని కూర్చోబోయిన నాయిన ఎగిరిపడ్డాడు. "నా ధోతికి గీ ముండ్లేందే?"

అక్క తల దించలేదు. "అడివికి పోవద్దంటివి గద నాయినా. అడివే ఇంట్లకొచ్చింది."

ఆయన చెయ్యి లేచింది. ఆమె జరగలేదు. కిందికి వంగి ధోతి అంచు పట్టుకుని గింజలు ఏరసాగింది. లేచిన చెయ్యి కాసేపు గాలిలో ఉండి, దిగిపోయింది.

ఆ ఫోటోలతోనే ప్రాక్టికల్ గట్టెక్కింది. మంచి మార్కులని తెలియగానే ఆయన గొంతు మారింది. వచ్చినవాళ్లందరికీ ఫోటోలు చూపిస్తూ "నా ధోతి పెట్టి తీసినం" అనేవాడు. వాళ్లింటి కథ అక్కడే పుట్టింది.

ఇప్పుడు ఫోనుకు మొక్కను చూపిస్తే పేరు చెప్పేస్తుంది. నేనైతే ఇంకా ఆకు తిప్పి చూసి, ఊళ్లో నలుగురినీ అడిగి గానీ నమ్మను. పిచ్చిమొక్కలు పీకించాలని కాలనీవాళ్లు వస్తే, ముందు వాటి పేర్లు చెప్పి తర్వాత పీకమంటాను. ఎవరైనా వద్దంటే మూలకు కూర్చోకుండా, నిలబడ్డచోటే పని మొదలుపెట్టడం ఆ రోజు నుంచే అబ్బింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ ఫోటోలు చూసి అంత మురిసిన మనిషి, మరుసటి ఏడు క్లాసు మళ్లీ మన్ననూరు పోతుంటే ఆమెను ఎందుకు పంపలేదు?